వినబడని ఫిడేలుకు సంగీతం కూర్చడం: చాప్లిన్ ‘ది వేగబాండ్’ గురించి

చార్లీ చాప్లిన్ మూకీ చిత్రం ‘ది వేగబాండ్’ను మీ కళాశాల ఫిల్మ్ క్లబ్బులో, తెర పక్కన వాద్యకారులను కూర్చోబెట్టి ప్రదర్శించాలని అనుకుంటున్నట్లు రాశారు. అంతర్జాలంలో దొరికిన మూడు ప్రతులలో మూడు రకాల సంగీతం ఉన్నందువల్ల అసలుది ఏదో తేలడం లేదన్నారు. కథానాయకుడు ‘ఎందుకూ కొరగాని ఫిడేలువాడు’ కనుక మీ బృందంలో ఫిడేలు వాయించే మిత్రుడు కావాలనే అపశ్రుతిలో వాయిస్తే నవ్వు బాగా పుడుతుందా అని కూడా అడిగారు. నేను కొన్నేళ్ళు కర్ణాటక పద్ధతిలో ఫిడేలు నేర్చుకున్నవాణ్ణి. నేర్చుకున్నంత మాత్రాన విద్వాంసుణ్ణి కాలేదు కానీ, ఇరవై ఏళ్ళుగా ఇళ్ళలోనూ, గ్రంథాలయాలలోనూ, చిన్న హాళ్ళలోనూ మూకీలకు వాయిస్తూ వస్తున్నాను. ఈ చిత్రానికే ఆరేడు సార్లు వాయించాను. ముందుగా రెండు ముక్కల్లో చెబుతాను: ఈ చిత్రానికి అసలు సంగీతం అంటూ ఏదీ లేదు; మీ మిత్రుణ్ణి అపశ్రుతిలో మాత్రం వాయించనివ్వకండి. రెండో మాటకు కారణం సినిమాలోనే ఉంది కాబట్టి దాని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

అసలు సంగీతం సంగతి త్వరగా ముగిద్దాం. ఈ చిత్రం 1916 జూలై 10న విడుదలైంది. మ్యూచువల్ ఫిల్మ్ కార్పొరేషన్ కోసం చాప్లిన్ తీసిన పన్నెండు పొట్టి చిత్రాలలో ఇది మూడవది. ఆ రోజులలో చిత్రంతో పాటు సంగీతం రాదు. ఏ ఊరి థియేటరులో ఏ పియానో వాద్యకారుడు ఉంటే అతని చేతికి తోచినదే ఆ ఊరి ప్రేక్షకులకు వినబడేది. పరుగుకు ఒకటి, దుఃఖానికి ఒకటి, దొంగ ప్రవేశానికి ఒకటి అన్నట్లుగా సందర్భాలవారీగా చిన్న చిన్న ముక్కలను అచ్చు వేసిన పుస్తకాలు కూడా వాళ్ళకు దొరికేవి, జె. ఎస్. జామెక్నిక్ రాసిన సంపుటి 1913 నాటికే బజారులో ఉంది. మన దగ్గరా అంతే. రఘుపతి వెంకయ్య నాయుడు మద్రాసులో గెయిటీ సినిమా హాలు నడిపిన కాలంలో మన దేశపు మూకీ హాళ్ళలో తెర కింద హార్మోనియం, తబలా కూర్చునేవి. వాళ్ళు వాయించినదే ఆ పూటకు ఆ సినిమా సంగీతం.

మీకు దొరికిన ప్రతులలో 1930ల నాటి పాటల బాణీలు, టపటపమనే శబ్దాలు, గంటలు, ఈలలు వినిపించేది బహుశా 1932 నాటిది అయి ఉంటుంది. అమెడీ వాన్ బ్యూరెన్ అనే నిర్మాత ఆ పన్నెండు చిత్రాలనూ ఒక్కొక్కటి 10,000 డాలర్ల చొప్పున కొని, టాకీలకు అలవాటు పడిన ప్రేక్షకుల కోసం సంగీతమూ శబ్దాలూ చేర్పించి మళ్ళీ విడుదల చేశాడు. ఆ సంగీతంలో చాప్లిన్ చెయ్యి లేదు. తన చిత్రానికి తానే సంగీతం సమకూర్చుకోవడం అతను 1931లో ‘సిటీ లైట్స్’తో మొదలుపెట్టాడు, ‘ది కిడ్’ వంటి కొన్ని పాత చిత్రాలకు ముసలితనంలో సంగీతం చేర్చాడు కానీ, మ్యూచువల్ చిత్రాలపై హక్కులు అతనివి కావు కాబట్టి వాటి జోలికి వెళ్ళలేదు. అందువల్ల మీరు దేనినీ అనుకరించనక్కరలేదు. చిత్రం హక్కుల గడువు మన దేశంలో ఎప్పుడో తీరిపోయింది. అయితే ఈ మధ్య పునరుద్ధరించిన ప్రతులతో వచ్చే కొత్త సంగీతపు రికార్డింగుకు విడిగా హక్కులు ఉంటాయి. మీరు ఎలాగూ సొంతంగా వాయించుకుంటున్నారు కనుక ఆ శబ్దాన్ని పూర్తిగా ఆపేస్తే సరిపోతుంది.

ప్రతిని ఎంచుకునేటప్పుడు నిడివి చూడండి. ఇది రెండు రీళ్ళ చిత్రం. రీలుకు అటూ ఇటూగా వెయ్యి అడుగులు, అడుగుకు పదహారు ఫ్రేములు అనుకుంటే మొత్తం ముప్పై రెండు వేల ఫ్రేములకు మించవు. వీటిని సెకనుకు 24 ఫ్రేముల టాకీ వేగంతో తిప్పితే ఇరవై రెండు నిమిషాలలో అయిపోతుంది; 18 చొప్పున తిప్పితే అరగంటకు కాస్త తక్కువ పడుతుంది. చేతితో తిప్పిన కెమెరాల కాలం కాబట్టి సరైన వేగం ఇదీ అని ఒక్క అంకె చెప్పలేము. అయినా ఇరవై నిమిషాలలో ముగిసిపోయే ప్రతిలో మనుషులు బొమ్మల్లా ఉరుకుతారు. ఈ చిత్రంలో ఒక కీలక దృశ్యం మొత్తం వేగం మీదే ఆధారపడి ఉంది కాబట్టి, ఇరవై అయిదు నిమిషాల చుట్టుపక్కల ఉన్న ప్రతిని తీసుకోమని నా సలహా.

ఇక కథ. పానశాల తలుపుల కింద నుంచి కనబడే రెండు పాత బూట్లతో చిత్రం మొదలవుతుంది. మొహం చూపక ముందే మనిషిని పరిచయం చేసేశాడన్నమాట. బయటికి వచ్చిన మన ఫిడేలువాడు వీధిలో నిలబడి, మహా విద్వాంసుడి ఠీవితో వాయించడం మొదలుపెడతాడు. సరిగ్గా అదే సమయానికి పానశాలకు ఇంకో వైపున ఒక బ్యాండు మేళం వచ్చి ఊదడం మొదలుపెడుతుంది. నటుడు ఆల్బర్ట్ ఆస్టిన్ ట్రాంబోను అనే బాకాతో నిలబడేది అక్కడే. బాకాల మోతలో ఫిడేలు ఎవరికి వినబడుతుంది? అతను మాత్రం ఆ సంగతి పట్టించుకోకుండా తన వాద్యం ముగించి, లోపలికి వెళ్ళి టోపీ పడతాడు. లోపల తాగుతున్నవాళ్ళు బ్యాండు తాలూకు మనిషే అనుకొని నాణేలు వేస్తారు. ఆ తరువాత అసలు బ్యాండు నాయకుడు టోపీ పట్టుకొని వస్తాడు. ఇక మీకు తెలిసిన తలుపుల పరుగే.

ఈ దృశ్యంలో అతను బాగా వాయించాడా, పాడుగా వాయించాడా? చాప్లిన్ మనకు చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఎంత మాత్రం రాకుండా దృశ్యాన్ని కట్టాడు. వింటున్నవాళ్ళు ముక్కు చిట్లించుకోవడం, చెవులు మూసుకోవడం, కుళ్ళిన కూరగాయలు విసరడం వంటి సులభమైన హాస్యానికి ఇక్కడ తావే లేదు, ఎందుకంటే అతణ్ణి వింటున్నవాళ్ళే లేరు. అతను కొరగానివాడు కావడానికి కారణం చేతిలోని కమాను కాదు, నిలబడిన చోటు. కోటి విద్యలు కూటి కొరకే అంటాం కదా, ఆ కూడు ఇక్కడ ఎదుటివాడి విద్యకు దొరికింది. నవ్వంతా ఆ మెలికలోనే ఉంది. ఇక్కడ మీ మిత్రుడు గీగీమని అపశ్రుతి పలికిస్తే ప్రేక్షకుడు ‘పాపం, వాయించడం రాదు’ అని ఒక తీర్పు ఇచ్చేసుకుంటాడు. ఆ తీర్పు పడిన తరువాత ఈ మెలిక పనిచేయదు.

అందుకని ఈ దృశ్యానికి నేను చేసేది చెబుతాను. మొదటి కొన్ని క్షణాలు ఫిడేలు శుభ్రంగా, హాయిగా వినిపిస్తుంది. బ్యాండు తెర మీదికి రాగానే హార్మోనియం, డోలు, దొరికితే ఒక క్లారినెట్టు కలిసి పెళ్ళి మేళంలా విజృంభిస్తాయి. ఆ మోత సాగినంత సేపూ ఫిడేలు వాయించే మనిషి కమాను తీగలకు తగలకుండా గాలిలో ఆడిస్తూనే ఉండాలి. తెర మీద చాప్లిన్, తెర పక్కన మీ మిత్రుడు, ఇద్దరూ వినబడకుండా వాయిస్తూ కనబడతారు. నేను చూసినంతలో ఏ అపశ్రుతీ తెప్పించలేని నవ్వు దీనికి వచ్చింది.

రెండో ఘట్టం ఈ చిత్రానికి ప్రాణం. ఊరు దాటి వచ్చిన ఫిడేలువాడికి ఒక జిప్సీ గుడారం దగ్గర తొట్టె ముందు కూర్చొని బట్టలు ఉతుకుతున్న అమ్మాయి కనబడుతుంది. ఎడ్నా పర్వయన్స్ వేసిన పాత్ర ఇది. మాసిన మొహం, చింపిరి జుట్టు, దెబ్బలకు అలవాటు పడిన కళ్ళు. ఇతను వాయిస్తాడు. ఆమె వింటూ ఉతుకుతుంది. ఇతను కాలం పెంచితే ఆమె చేతులూ వేగం అందుకుంటాయి. ఇంకా పెంచితే బట్టలు చిరిగిపోతాయేమో అన్నంతగా రుద్దేస్తుంది. మన దంపుళ్ళ పాటలలో రోకటి పోటును బట్టి పాట నడుస్తుంది; ఇక్కడ అది తిరగబడి, పాటను బట్టి చాకిరీ నడుస్తుంది. ఆమె మెచ్చుకోలు తలకెక్కి, కచేరీ ముగించిన విద్వాంసుడిలా వంగి వంగి నమస్కారాలు పెడుతూ పెడుతూ మనవాడు వెనక్కి నీళ్ళ తొట్టెలో పడతాడు.

శబ్దం లేని సినిమాలో సంగీతాన్ని చూపించడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు. ఫిడేలు మనకు వినబడదు కానీ దాని తాళం ఆమె చేతుల మీద కనబడుతుంది. చాప్లిన్ ఈ ఉపాయాన్ని మరిచిపోలేదనిపిస్తుంది. 1940లో వచ్చిన ‘ది గ్రేట్ డిక్టేటర్’లో, శబ్దం చేతికి వచ్చిన తరువాత, మంగలిగా నటిస్తూ ఒక మనిషికి బ్రామ్స్ హంగేరియన్ నాట్యం ఐదవదానికి సరిగ్గా అడుగులు కలుపుతూ గడ్డం గీస్తాడు. చాకిరీకి తాళం కట్టడమనే ఆ ఆలోచనకు విత్తనం ఈ ఉతుకుడులోనే ఉందని నా నమ్మకం. మీ వాళ్ళకు పాశ్చాత్య సంగీతం వచ్చి ఉంటే ఈ దృశ్యానికి అదే బ్రామ్స్ ముక్కను వాడుకోవచ్చు. నెమ్మది, ఉరుకు రెండూ అందులోనే ఉన్నాయి. రాకపోయినా బెంగ లేదు. నేను మోహన రాగంలో నాలుగు స్వరాల చిన్న పల్లవి ఒకటి కట్టుకొని, దానినే మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం అని పెంచుకుంటూ పోతాను. ఒక్కటే జాగ్రత్త: కాలం మార్చవలసింది మీకు నచ్చినప్పుడు కాదు, ఆమె భుజాలు మారినప్పుడు. తెరను చూస్తూ వాయించాలి. కాగితం చూస్తూ వాయించేవారు ఇక్కడ తప్పక తప్పుతారు. కనీసం పదిసార్లు ఈ రెండు నిమిషాలు మాత్రమే వేసుకొని సాధన చేయండి.

అపశ్రుతి వద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నేను స్వయంగా ఆ తప్పు చేసి ఉండడమే. మొట్టమొదటిసారి ఒక మిత్రుడి మేడ మీద, దుప్పటి కట్టి, ఇంటివాళ్ళూ ఇరుగుపొరుగూ కలిపి ఒక ముప్పై మందికి ఈ సినిమా వేశాం. చాప్లిన్ అంటే నవ్వించాలి అనే ఉత్సాహంతో మొదటి నుంచీ శ్రుతి తప్పించి కర్ణకఠోరంగా వాయించాను. పానశాల దృశ్యానికి పిల్లలు పడి పడి నవ్వారు, నేనూ పొంగిపోయాను. ఉతుకుడు దృశ్యం వచ్చింది. నా కీచుమోత కొనసాగుతోంది. ముందు వరుసలో కుర్చీ వేసుకొని కూర్చున్న మా మిత్రుడి మామ్మగారు వెనక్కి తిరిగి, “ఒరేయ్ నాయనా, ఈ రొదకి ఆ పిల్ల అంత మురిసిపోతుందేమిట్రా, దానికి చెవుడా?” అని అడిగారు. ఆవిడ ఎగతాళి చేయలేదు. నిజంగానే అర్థం కాక అడిగారు. నా వాద్యం వల్ల ఆ అమ్మాయి తెలివితక్కువదైపోయింది, ఆ ఫిడేలువాడు అబద్ధాలకోరు అయిపోయాడు, వాళ్ళిద్దరి మధ్య జరిగినది ఏమీ మిగలలేదు. ఆ తరువాత ఆ దృశ్యాన్ని వాయించిన ప్రతిసారీ నాకు చేతనైనంత తీయగానే వాయిస్తున్నాను.

అయితే నిజానికి అతను గొప్ప విద్వాంసుడా అని మీరు అడగవచ్చు. నా ఉద్దేశంలో ఆ అమ్మాయి చెవికి గొప్ప విద్వాంసుడే. జీవితంలో తన కోసం ఎవరూ ఏదీ వాయించని మనిషికి ఎవరో వచ్చి నిలబడి వాయిస్తే ఎలా వినబడుతుందో అలా వినిపించాలి. బ్యాండు మేళం ముందు అతను శూన్యం, ఈమె ముందు ఆస్థాన విద్వాంసుడు. వాద్యం మారలేదు, వినేవాళ్ళు మారారు. మూకీ కావడం వల్లనే ఈ రెండూ ఒకేసారి నిజం కాగలిగాయి. టాకీలో అయితే అతని వాద్యం ఏదో ఒక స్థాయిలో మన చెవిన పడి, మంచి చెడ్డలు తేలిపోయి ఉండేవి.

సంపాదన సంగతి కూడా ఇక్కడే గమనించండి, ఎందుకంటే మీ పరిచయ ఉపన్యాసంలో ‘అదృష్టం వెతుక్కుంటూ బయలుదేరిన సంగీతగాడు’ అని చెప్పబోతున్నట్లు రాశారు. చిత్రంలో డబ్బు అతని చేతికి వచ్చేది, రాబోయేది రెండుసార్లే. మొదటిది పానశాలలో, తనది కాని సంగీతానికి. రెండవది చివర్లో, అమ్మాయి కన్నతల్లి కారులో వచ్చి, కూతుర్ని కాపాడినందుకు డబ్బు ఇవ్వబోతే అతను పుచ్చుకోడు. మధ్యలో, తన సంగీతాన్ని నిజంగా విన్న ఒకే ఒక్క మనిషి దగ్గర చిల్లిగవ్వ లేదు. రెండు రీళ్ళలో, కనిపించకుండా, ఇంత లెక్క వేసి పెట్టాడు. మీ ఉపన్యాసంలో దీనిని ముందే చెప్పేయకండి, చూసిన తరువాత చర్చలో రానివ్వండి.

గుడారం నుంచి తప్పించుకొని బండిలో పారిపోయిన తరువాత వచ్చే కాపురపు ముచ్చట్లకు ఫిడేలును కాస్త పక్కన పెట్టవచ్చు. అతను గుడ్డ కొసను మెలిపెట్టి చంటిపిల్లకు చేసినట్లు ఆమె మొహం, చెవులు తోమడం, గుడ్డును సుత్తితో పగలగొట్టడం, చొక్కాను బల్లగుడ్డగా పరచడం, ఇవన్నీ ఎవరి సాయమూ లేకుండా నవ్విస్తాయి. అయిదేళ్ళ తరువాత ‘ది కిడ్’లో చాప్లిన్ చేసిన గదిలోని సంసారం ఇక్కడే పురిటి స్నానం చేసిందని చెప్పుకోవచ్చు. సన్నని హార్మోనియం ఒక్కటి చాలు. చిత్రకారుడు రావడం, ఆమె బొమ్మ గీయడం, బొమ్మలో చేతి మీది పుట్టుమచ్చను చూసి ధనవంతురాలైన తల్లి గుర్తుపట్టడం అనే భాగం పాత నాటక సరుకు, వేగంగా దాటించండి.

ఆ పాత సరుకు గురించి ఒక మాట. జిప్సీలు ధనవంతుల బిడ్డను ఎత్తుకుపోవడం, చేతి మీది గుర్తును బట్టి ఆమె తిరిగి కన్నవారిని చేరడం అనే కథ పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపా రంగస్థలానికి కొట్టిన పిండి. 1843లో లండనులో ప్రదర్శితమైన ‘ది బొహీమియన్ గర్ల్’ అనే బాల్ఫ్ సంగీతరూపకంలో ఇదే కథ ఉంది. జిప్సీలని పిలవబడే రోమా ప్రజలు పిల్లల్ని ఎత్తుకుపోతారన్నది ఐరోపాలో వారిపై వేసిన నింద, ఆ నింద మూలంగా వాళ్ళు పడిన బాధలు చిన్నవి కావు. మన ఊళ్ళలోనూ సంచార కులాలవాళ్ళు కనబడితే పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళని అనుమానించి కొట్టిన సందర్భాలు మీకు తెలిసే ఉంటాయి. చాప్లిన్ ఈ మూసను ప్రశ్నించలేదు, వాడుకున్నాడు. ఎరిక్ కాంప్‌బెల్ వేసిన, కొరడా పట్టిన జిప్సీ నాయకుడు వచ్చినప్పుడు డోలుతో రాక్షస ప్రవేశంలా మోగించాలని మీకు అనిపిస్తుంది. ఆ ఒక్క మనిషి క్రూరత్వానికి మోగించండి, గుడారం మొత్తానికి కాదు. ప్రదర్శన తరువాత దీని మీద రెండు నిమిషాలు మాట్లాడితే మంచిది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయానికి వస్తాను. తెర మీద కనబడే ఆ ఫిడేలు ఉత్తుత్తి వస్తువు కాదు. జాగ్రత్తగా చూస్తే చాప్లిన్ కమానును ఎడమ చేత్తో పట్టుకున్నట్లు కనిపిస్తుంది. ప్రతిలో బొమ్మ తిరగబడిందని ఒకసారి ఒక విద్యార్థి నాతో వాదించాడు. తిరగబడలేదు, అతను ఎడమచేతి వాటం వాద్యకారుడే. తీగల వరుస మార్చడమే కాక, పెట్టె లోపల తీగల బరువును మోసే కర్ర ముక్కలను కూడా అటుది ఇటు మార్పించి వాయించేవాడు. 1964లో అచ్చయిన ఆత్మకథలో అతను చెప్పుకున్నదాని ప్రకారం, పదహారేళ్ళ వయసు నుంచి రోజుకు నాలుగు నుంచి ఆరు గంటలు గదిలో సాధన చేశాడు, థియేటర్ల సంగీత నిర్వాహకుల దగ్గర పాఠాలు చెప్పించుకున్నాడు. కచేరీ విద్వాంసుడు కావాలని ఆశ. ఏళ్ళు గడిచాక, తాను ఎప్పటికీ ఆ స్థాయికి చేరలేనని గ్రహించి వదులుకున్నాడు. కొన్నేళ్ళు సాధన చేసి ఆగిపోయిన నాలాంటివాళ్ళకు ఆ పేజీ చదవడం కష్టంగా ఉంటుంది.

1916 సంవత్సరాన్నే తీసుకోండి. ఫిబ్రవరిలో న్యూయార్కు హిప్పోడ్రోములో జరిగిన కచేరీలో అమెరికా బ్యాండు నాయకుడు సూసా వాద్యబృందం ముందు నిలబడి చేతికర్ర ఊపాడు. అదే నెలలో మ్యూచువల్ వారితో ఒప్పందం కుదిరింది: వారానికి 10,000 డాలర్లు, సంతకానికి 1,50,000 డాలర్లు, వెరసి ఏడాదికి 6,70,000. ప్రపంచంలో అంత జీతం పుచ్చుకునే మనిషిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అదే ఏడాది లాస్ ఏంజెలెస్‌లో ఒక స్నేహితుడితో కలిసి సంగీత ప్రచురణ సంస్థ పెట్టాడు. ఒక పెద్ద భవనం పై అంతస్తులో గది అద్దెకు తీసుకొని, తాను కట్టిన రెండు పాటలను రెండు వేల ప్రతులు అచ్చు వేయించి, కొనేవాళ్ళ కోసం ఎదురు చూశారు. మూడు ప్రతులు అమ్ముడయ్యాయని అతనే రాశాడు. ఒకటి కాడ్‌మన్ అనే స్వరకర్త కొన్నాడు, మిగిలిన రెండూ మెట్లు దిగి పోతూ దారిలో ఆగినవాళ్ళు కొన్నారు. ఆ పాటలు చాలా పాడుగా ఉన్నాయని కూడా అతనే ఒప్పుకున్నాడు.

ఇప్పుడు పానశాల దృశ్యాన్ని మళ్ళీ చూడండి. బ్యాండు మేళం మోతకు వచ్చిన డబ్బును టోపీలో పట్టుకొని, తన ఫిడేలు ఎవరూ వినలేదని తెలియక సంతోషించే మనిషి. నటనకు కుప్పలుగా డబ్బు వస్తున్న రోజులలో, సంగీతానికి మూడు ప్రతులు అమ్ముకున్న మనిషి తీసిన దృశ్యం అది. పాటల సంస్థ గురించే ఈ చిత్రం తీశాడని నేను అనను, అలా అనడానికి ఆధారం లేదు. కానీ తీసిన చేతికి ఆ అవమానం రుచి తెలుసు కాబట్టే ఫిడేలువాణ్ణి చేతకానివాడిగా చూపించలేదని నాకు తోస్తుంది. చేతకానివాణ్ణి చూసి నవ్వడం తేలిక, ఆరు గంటలు సాధన చేసినవాడు ఆ పని చేయడు. 1952లో ‘లైమ్‌లైట్’ తీసే నాటికి కూడా ఈ ముల్లు పోలేదు. అందులో మూకీల నాటి మరో హాస్యనటుడు బస్టర్ కీటన్ పియానో దగ్గర కూర్చోగా, చాప్లిన్ మళ్ళీ ఎడమ చేత్తో కమాను పట్టి, వాయిస్తూ వాయిస్తూ డోలులో పడతాడు. తొట్టె పోయి డోలు వచ్చింది. విచిత్రం ఏమిటంటే, అతనికి పోటీలో గెలిచిన ఆస్కారు దక్కింది ఆ చిత్రపు సంగీతానికే, అది కూడా 1973లో.

నిజంగా చేతకాని సంగీతగాళ్ళే మీకు కావాలంటే, ప్రదర్శనలో రెండో చిత్రంగా లారెల్, హార్డీల ‘యూ ఆర్ డార్న్ టూటిన్’ వేయండి. 1928 ఏప్రిల్‌లో వచ్చిన రెండు రీళ్ళ మూకీ. పార్కులో వాయించే బ్యాండులో ఒకరిది క్లారినెట్టు, ఒకరిది కొమ్ము బాకా. కచేరీని చెడగొట్టి ఉద్యోగం పోగొట్టుకొని, వీధిలో వాయించి పొట్టపోసుకోబోయి, చివరికి వీధివీధంతా ఒకరి ప్యాంట్లు ఒకరు చించుకునే దాకా తెస్తారు. అక్కడ మాత్రం అపశ్రుతి ఎంత ఉంటే అంత మేలు, మీ మిత్రుడి కోరికా తీరుతుంది. వరుసలో చాప్లిన్‌నే ముందు వేయండి. పగలబడి నవ్విన ప్రేక్షకులను వెంటనే తొట్టె పక్కన కూర్చోబెట్టి నెమ్మదిగా వినమంటే వినరు.

మిగిలింది ముగింపు. తల్లి, చిత్రకారుడు అమ్మాయిని కారులో ఎక్కించుకొని వెళ్ళిపోతారు. ఫిడేలువాడు ఒంటరిగా బండి దగ్గర మిగిలిపోతాడు. ఏమీ పట్టనట్లు తన మామూలు పద్ధతిలో మడమ ఎగరేసి నడవబోతాడు కానీ ఆ పని అతని చేత కాదు. అక్కడ నూటికి తొంభై మంది వాద్యకారులు ఫిడేలుపై శోకరాగం ఎత్తుకుంటారు. మొదట్లో నేనూ శివరంజని వాయించేవాణ్ణి. ఇప్పుడు కారు కదలగానే అన్ని వాద్యాలనూ ఆపేస్తున్నాను. హాలులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ ఉండదు. మీ వాళ్ళకు ఆ నిశ్శబ్దం చాలా పొడవుగా అనిపిస్తుంది, ఎవరో ఒకరు ఉండబట్టలేక తీగ మీటుతారు. ముందే గట్టిగా చెప్పి ఉంచండి. దూరంగా వెళ్ళిన కారులో అమ్మాయికి ఉన్నట్లుండి అతను గుర్తుకు వచ్చి కారు తిప్పమంటుంది. అది వెనక్కి తిరిగినప్పుడు, ఉతుకుడు దృశ్యంలో వాయించిన ఆ నాలుగు స్వరాల పల్లవినే, మొదటి కాలంలో, ఫిడేలు ఒక్కటే ఎత్తుకోవాలి. కారు వచ్చి అతణ్ణి లోపలికి లాక్కునే సరికి రెండో కాలంలోకి వెళ్ళండి. మూడో కాలం వద్దు, అంతలోనే చిత్రం అయిపోతుంది.